మూడు సీజన్లు వట్టిచేతులతో వస్తే పొటర్ కౌంటీ అడవిని వదలాలా, పట్టుకునే ఉండాలా?

కనుమదారి:
న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా వైపు ఉండే మనవాళ్లలో వేట నేర్చుకుంటున్నవాళ్లు నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి శనివారం పెన్సిల్వేనియాలో రైఫిల్ సీజన్ (తుపాకీతో జింకల్ని వేటాడనిచ్చే రోజులు) తెరవగానే నాలుగైదు గంటలు కారు నడిపి ఉత్తరాన పొటర్, క్లింటన్, కామెరాన్ కౌంటీలకు వెళ్తున్నారు. అక్కడి ససక్వెహానాక్, స్ప్రౌల్ స్టేట్ ఫారెస్టులు (రాష్ట్ర ప్రభుత్వ అడవులు) లక్షల ఎకరాలు. ఎవరి గుమ్మం ముందూ నిలబడి అనుమతి అడగక్కర్లేదు. రెండు మూడు రోజులు మాటు వేస్తారు, ఏమీ పడక తిరిగొస్తారు. మూడేళ్లు ఇలా అయ్యాక వినబడే సలహాలు రెండు. "అడవి వంటబట్టడానికి ఐదేళ్లు పడుతుంది, కదలొద్దు" అని కొందరు. "జింకలు పలచగా ఉన్నచోట ఎన్నేళ్లు కూర్చున్నా అంతే, దక్షిణాన పొలాల వైపు రండి" అని కొందరు. ఏది సరైంది? సొంత కథలు వద్దు, కారణాలు చెప్పండి.

(అక్కడి తెల్లతోక జింక మన లెక్కలో దుప్పి జాతి. కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి, కృష్ణజింక కొమ్ములు రాలవు. అందరూ జింకనే అంటున్నారు కాబట్టి ఇక్కడా అదే మాట.)

పొలంగట్టు:
చోటు మార్చాలి. 2023-24లో అన్ని సీజన్లూ కలిపి రాష్ట్రంలో సుమారు 4.3 లక్షల జింకలు పడ్డాయని వేటను నియంత్రించే రాష్ట్ర సంస్థ గేమ్ కమిషన్ అంచనా. వాటిలో కొమ్ములున్నవి సుమారు 1.7 లక్షలు. మిగతావన్నీ ఆడజింకలు, ఆ ఏటి పిల్లలు. అంటే కొమ్ముల జింక కోసమే కూర్చునేవాడికి స్థానికుడైనా చాలా ఏళ్లు ఖాళీగానే పోతాయి. ఉత్తరాది అడవిలో పొలాలు లేవు, చలి ఎక్కువ, చదరపు మైలుకు జింకలు తక్కువ. ఏడాదికి మూడు రోజులే చిక్కే మనిషికి అందులో ఒక రోజు వాన, ఒక రోజు గాలి తిరుగుడు. ఇక నేర్చుకునేది ఎప్పుడు?

ఫిలడెల్ఫియా చుట్టూ బక్స్, మాంట్‌గోమరీ, చెస్టర్ కౌంటీల్లో విల్లు, క్రాస్‌బో (మీట నొక్కి బాణం వదిలే విల్లు) సీజన్ సెప్టెంబరులోనే తెరుచుకుంటుంది. ఇంటి నుంచి అరగంట. ఆగస్టులో పది ఇళ్లకు వెళ్లి మర్యాదగా అడిగితే ఒకరిద్దరు ఒప్పుకుంటారు, తోటలు మేసిపోతున్నాయన్న బాధ వాళ్లకూ ఉంటుంది. కాపురమున్న ఇంటికి విల్లయితే 50 గజాలు, తుపాకీ అయితే 150 గజాల దూరం పాటించాలి. ఆ లోపల కాల్చాలంటే ఇంట్లో ఉండేవాళ్ల అనుమతి కావాలి. ఇలా ఏడాదికి పదిహేను పూటలు కూర్చోవచ్చు. మూడు రోజుల మనిషికి ఐదేళ్లలో దొరికేవి పదిహేను రోజులే.

ఓక్‌గింజ:
పొలంగట్టు గారూ, ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. "ఖాళీ" అనేది మూడు వేరువేరు రోగాలకు పెట్టిన ఒకే పేరు. ఏ రోగమో తెలియకుండా చోటు మారిస్తే రోగం కూడా కారెక్కి కొత్తచోటికి వస్తుంది.

జింక కనబడనే లేదా? కనబడింది గానీ తోక నిక్కించి పారిపోతూ కనబడిందా? తుపాకీకి అందే దూరంలో నిలబడినా కాల్చలేకపోయారా?

మూడోదాంతో మొదలుపెడతాను, ఎందుకంటే దీన్ని ఇంట్లోనే నయం చేసుకోవచ్చు. దట్టమైన అడవిలో జింక కనబడేది ఎక్కువగా 80 గజాల లోపలే, అదీ నాలుగైదు సెకన్లు. స్కోపు (తుపాకీ మీది దుర్బీను) 9 రెట్ల దగ్గర వదిలేస్తే అద్దంలో కనిపించేది గోధుమరంగు బొచ్చు మాత్రమే. 2, 3 దగ్గరే ఉంచాలి. సాధన కూడా బల్ల మీద ఆనించి 100 గజాలకు కాదు. 8 అంగుళాల కాగితపు పళ్లెం 50 గజాల్లో పెట్టి, నిలబడి ఐదు, మోకాలి మీద ఐదు, చెట్టుకు ఆనుకుని ఐదు. ఐదుకు ఐదూ పళ్లెంలో పడని భంగిమలో అడవిలో కాల్చకూడదు. రాత్రి తుపాకీని వెచ్చటి గదిలోకి తెచ్చి పొద్దున్నే చలిలోకి తీసుకెళ్తే అద్దం మీద తేమ పడుతుంది. తూటాలు తీసేసి, సంచిలో పెట్టి, తాళం వేసిన చల్లటి చోటే ఉంచాలి. కొమ్ముల నిబంధన ఇంకొకటి. ఉత్తరాది యూనిట్లలో (వేట కోసం రాష్ట్రాన్ని విడగొట్టిన ప్రాంతాలు) పెద్దవాళ్లకు ఒక కొమ్ముకైనా మూడు మొనలుండాలి, కంటిపైన మొలిచే చిన్న మొన కూడా లెక్కకొస్తుంది. పొదల్లో అది లెక్కపెట్టేలోపు జింక ఉండదు. అందుకే ఆడజింక లైసెన్సు వేసవిలోనే తీసుకోవాలి. అది ఏ యూనిట్‌కు తీసుకుంటే ఆ యూనిట్‌లోనే చెల్లుతుంది.

రెండోది గాలి రోగం. వాతావరణ సూచనలో "పడమటి గాలి" అని ఉంటుంది. కొండ వాలు మీద గాలి అలా వీచదు. పొద్దు పొడవక ముందు చల్లగాలి బరువుకు వాలు వెంట కిందికి జారుతుంది. ఎండ తగిలిన గంటా గంటన్నరకు అదే వాలు వెంట పైకి ఎక్కుతుంది. పొద్దు వాలగానే మళ్లీ కిందికి. 7 గంటలకు సరైన చోటు 10 గంటలకు తప్పు చోటు. జింకలేమో వాలు పై మూడోవంతులో, శిఖరానికి కాస్త దిగువన, గాలి వెనక నుంచి వచ్చేలా, చూపు లోయలోకి ఉండేలా పడుకుంటాయి. లోయలో కారు ఆపి, ఎండెక్కాక నేరుగా పైకి నడిచేవాడి వాసన అతనికంటే ముందే చేరుతుంది, బూట్ల చప్పుడు కూడా కిందనుంచే వినబడుతుంది. ఆ పూట అతనికి "జింకల్లేవు". నిజానికి అవి లేచి వెళ్లిపోయాయి.

ఈ రెండూ కాదని తేలాకే మొదటి రోగం, చోటు సంగతి.

మంచెకాపు:
చోటు గురించి నేను. అడవి మార్చక్కర్లేదు, అడవిలో కూర్చునే చోటు మార్చాలి.

కొత్తవాళ్లంతా చేసే తప్పు ఒకటే. అక్టోబరులో ఒక వారాంతం వెళ్తారు. కొమ్ములతో రాసిన చెట్లు, కాలితో దువ్విన నేల కనబడతాయి. అక్కడ గుర్తు పెట్టుకుని డిసెంబరులో అక్కడే మంచె వేస్తారు. ఆ గుర్తులు జోడు కట్టే కాలానివి. ఎద ఉధృతి నవంబరు నడిమికల్లా అయిపోతుంది. రైఫిల్ సీజన్‌కు మగజింక బరువు కోల్పోయి, అలసి, తిండినీ చాటునూ వెతుక్కుంటూ ఉంటుంది. అక్టోబరు గుర్తు మీద కూర్చోవడం జాతర ముగిసిన మైదానంలో కాపు కాయడమే.

డిసెంబరు తిండి ఏది? తెల్ల ఓక్ గింజ తియ్యన, కానీ రాలిన కొద్ది వారాల్లోనే తినేస్తాయి, మిగిలింది ఆ శరత్తులోనే మొలకెత్తుతుంది. ఎర్ర ఓక్ గింజ చేదు, వసంతం దాకా మొలవదు. కాబట్టి డిసెంబరులో ఆకుల కింద మిగిలేది అదే. చెట్టు కింద ఆకులు గీకి తిరగేసి ఉన్నాయా, పెంటికలు నల్లగా మెరుస్తున్నాయా చూడాలి. పాతబడితే రంగు వెలిసి పొడిబారతాయి. ఎర్ర ఓక్ గింజకు రెండేళ్లు పడుతుంది, స్పాంజీ మాత్ పురుగు ఆకు తినేసిన కొండల్లో కాపు దెబ్బతింటుంది, కాబట్టి పోయినేటి మంచి చెట్టు ఈ ఏడు వట్టిది కావచ్చు. గింజ లేని ఏడు జింక మేత చిగుళ్లు. అంటే కలప నరికిన తర్వాత మూడు నుంచి పన్నెండేళ్ల వయసున్న పొదల కూపులు. చిన్న మొక్కల్ని కాపాడటానికి కూపు చుట్టూ ఎనిమిది అడుగుల కంచె వేస్తారు. అది ఉన్నన్నాళ్లు జింకలు కంచె వెంట నడుస్తాయి, మూల మంచి మాటు. తీసేశాక లోపలి చిక్కటి పొదే వాటి ఇల్లు.

అసలు పరిశీలన మార్చిలో చేయాలి. మంచు కరిగాక, చిగురు రాకముందు అడవి డిసెంబరులో ఉన్నట్టే ఉంటుంది. గిట్టలు తొక్కిన దారులు, పడుకున్న గుంటలు ఆకు లేని నేల మీద చెక్కినట్టు కనబడతాయి. ఎన్ని లేపినా నష్టం లేదు, సీజన్‌కు ఎనిమిది నెలలుంది. కొండల ఎత్తుపల్లాలు గీతలతో చూపే 1:24,000 పటం తీసుకుని రెండు చదరపు మైళ్లు మాత్రమే గీసుకోవాలి, అంటే 1,280 ఎకరాలు. అంతకు మించితే మూడు రోజుల మనిషికి అందదు. అందులో కనుమలు (రెండు శిఖరాల మధ్య పల్లం), వాలు మధ్యలో బల్లపరుపుగా ఉండే మెట్లు, కూపు అంచు కొండ వాలును కలిసే చోట్లు గుర్తు పెట్టాలి. అవన్నీ నడిచి, నాలుగు మాటులు ఎంచుకోవాలి, రెండు పడమటి గాలికి, రెండు తూర్పు, దక్షిణ గాలులకు. దిక్సూచి వాడేవాళ్లు ఆ ప్రాంతంలో సూది 11-12 డిగ్రీలు పడమరకు తిరుగుతుందని గుర్తుంచుకోండి. ఫోను చలికి ఆరిపోతుంది, కాగితపు పటం జేబులో ఉండాలి.

మంచె ఎక్కితే నేల వదిలిన క్షణం నుంచి దిగేదాకా నడుముకే కాకుండా ఒంటి మొత్తానికీ పట్టీ, చెట్టుకు తాడు ఉండాలి. పడేది ఎక్కువగా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే.

అడుగుజాడ:
అన్నలు చెప్పినయి మంచిగనే ఉన్నయి గానీ మనుషుల సంగతి ఎవ్వరూ అనలే. తొలి రోజు జింకను నడిపించేది తిండి గాదు, మనమే. ఎక్కువ మంది రోడ్డు నుంచి అర మైలు దాటరు, నిటారు వాలు జోలికి పోరు. జింకలకు అది ఎరుకే. పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2013 సంది చేస్తున్న డీర్-ఫారెస్ట్ స్టడీల మెడకు జీపీఎస్ పట్టీ కట్టిన జింకలు కొన్ని రైఫిల్ సీజన్ల మనిషి ఎక్కని నిటారు వాలుకు పోయి పండుకున్నయి. పటం మీద ఎత్తు జూపే గీతలు దగ్గర దగ్గరగ ఉన్న జాగ జూడాలె, అందరు కార్లు ఆపే జాగకు వెనక దిక్కున.

ఇంకోటి. డిసెంబరు మొదట్ల పొద్దు పొడిచేది 7 దాటినంకనే, దానికి అరగంట ముందు నుంచి కాల్చొచ్చు. అంటే 6 గంటలకే మాటుల గూసోవాలె. తీరా గూసున్నోళ్లు 10:30కు చలికి ఓర్వలేక కారుకు నడుస్తరు. ఆ నడకే జింకలను లేపుతది. 10 నుంచి 2 దాకా కదలకుండ గూసున్నోనికి వేరేటోళ్లు తరిమిన జింక వస్తది. చలి ఎందుకు పడతది? మందం కోటు తొడుక్కొని కొండెక్కి చెమట పట్టించుకుంటరు, ఆ తడే ఇగం అయితది. పల్చటి బట్టతోని ఎక్కాలె, కోటు సంచిల మోయాలె, మాటుకు చేరినంక లోపలి బనీను మార్చి తొడుక్కోవాలె. కాకపోతే నారింజ రంగు మాత్రం ఎక్కేటప్పుడు గూడ ఒంటి మీదనే ఉండాలె: తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు, చుట్టూరా కనబడేటట్టు.

పొలంగట్టు:
మంచెకాపు గారి మార్చి పరిశీలనతో నాకు పేచీ లేదు, సమయంతోనే. అది రెండు రోజులు, పది గంటల కారు ప్రయాణం. అది పెట్టలేనివాడికి ఉత్తరాది ఏటా కొత్త అడవే. మార్చి ప్రయాణం కుదరకపోతే చోటు మార్చాల్సిందే, అందులో నేను వెనక్కి తగ్గను.

ఓక్‌గింజ గారి మూడు రోగాల మాట ఒప్పుకుంటాను. అయితే గాలి రోగం, తుపాకీ రోగం కుదిరేది జింకలు కనబడితేనే కదా. మూడు రోజుల్లో ఒక్కటీ కనబడనివాడు గాలి తప్పో ఒప్పో దేన్నిబట్టి తెలుసుకుంటాడు? ఇంటి దగ్గర పదిహేను పూటల్లో ఆడజింకలు, పిల్లలు ఎన్నోసార్లు దగ్గరికొస్తాయి. ఎప్పుడు తల ఎత్తుతుందో, ఎప్పుడు కదలొచ్చో అక్కడే తెలుస్తుంది.

ఓక్‌గింజ:
అది న్యాయమైన మాట. నేను అనేది రాసి పెట్టుకోమని. ప్రతి పూటకూ ఒక వరుస: తేదీ, మాటు, ఎక్కిన దారి, 7, 10, 1, 4 గంటలకు గాలి ఎటు, ఎన్ని జింకలు, ఎటునుంచి, మనల్ని పసిగట్టాయా లేదా, కూర్చున్న మొత్తం గంటలు. మూడు సీజన్లు అనుకుంటాం. గంటలు కూడితే చాలామందికి నలభై దాటవు, అందులో సగం తప్పు గాలిలో. నలభై గంటలు సరైన గాలిలో, డిసెంబరు గుర్తులున్న చోట కూర్చుని ఒక్క తాజా జాడ కూడా చూడకపోతే అప్పుడు వదిలేయండి. అంతకు ముందు కాదు.

గట్టుమీదచెట్టు:
ఎక్కడ వేటాడినా తప్పనివి. మొదటిసారి లైసెన్సుకు హంటర్-ట్రాపర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పూర్తి చేయాలి. హెచ్-1బీ, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడమే నేరం. మనవాళ్లకు వర్తించే ప్రధాన మినహాయింపు, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. గడువు తీరిన మర్నాడు స్నేహితుడి తుపాకీ చేతబట్టడం కూడా ప్రమాదమే. ఇది వలస వచ్చినవాళ్లకు కొత్త కష్టం కాదు. పెన్సిల్వేనియా 1909లో పౌరసత్వం లేని విదేశీయులు వేటాడకూడదనీ, అందుకోసం తుపాకీ ఉంచుకోకూడదనీ చట్టం చేసింది, 1914లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇప్పుడు దారి ఉంది, ఆ దారిని కాగితాలతో కాపాడుకోవాలి.

జింక పడ్డాక కదిలించే ముందే చెవికి ట్యాగ్ కట్టాలి, పది రోజుల్లోపు కమిషన్‌కు తెలపాలి. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకలకు సోకే ప్రాణాంతక వ్యాధి) ప్రాంతంగా ప్రకటించిన చోట పడితే తల, వెన్నెముక ఆ ప్రాంతం దాటించకూడదు. ఆ హద్దులు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఆ ఏటి పటం చూడండి.

కనుమదారి:
గాలి ఎటు వీస్తుందో పూటకు నాలుగుసార్లు రాయమన్నారు. ఆకు కదలనంత మెల్లగా జారే గాలిని ఎలా పట్టుకోవాలి? గాలి చూడటానికి పొడి చిమ్మే సీసా సరిపోతుందా?

మంచెకాపు:
పొడి రెండు గజాల్లో మాయమవుతుంది, ఆ తర్వాత గాలి ఎటు మళ్లిందో చెప్పదు. మన జిల్లేడు కాయలో ఉండే దూదిలాంటిదే అక్కడి మిల్క్‌వీడ్ కాయలోనూ ఉంటుంది. అక్టోబరులో రోడ్ల పక్కన ఎండిన కాయలు నాలుగు కోసి, గింజలు తీసేసి, దూదిని చిన్న డబ్బాలో పెట్టుకోండి. ఒక్క పోగు వదిలితే యాభై అరవై గజాలు కంటికి కనబడుతూ పోతుంది, వాలు దగ్గర ఎక్కడ కిందికి జారిందో, వాగు మీద ఎక్కడ సుడి తిరిగిందో చూపిస్తుంది. మార్చిలో మాటు ఎంచుకునేటప్పుడు కూడా ప్రతిచోటా తెల్లవారుజామున ఒకటి, ఎండెక్కాక ఒకటి వదలండి. రెండూ జింకల దారి వైపే పోతే ఆ చెట్టు ఎంత బాగున్నా వదిలేసి, యాభై గజాలు పక్కకు జరగండి.