412 రోజుల తరువాత ఒక రాత్రి: లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలా?

యార్డు_గుమాస్తా (గుంటూరు)
నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాను. కిందటి ఏడాది కార్తీకంలో భవానీ మాల వేసుకున్న నాడు మద్యం మానేశాను. మొన్న ఆదివారానికి 412 రోజులు. తెల్లవారుజామున టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క చూడడానికి బయలుదేరే ముందు, గోడ క్యాలెండర్‌లో ఆనాటి గడిలో ఎర్ర సిరాతో అంకె వేసుకోవడం నా అలవాటు. ఆదివారం రాత్రి విజయవాడలో బావమరిది గృహప్రవేశానికి వెళ్లి, మేడ మీద నలుగురితో కూర్చుని తొంభై మిల్లీలీటర్లు తాగాను. సోమవారం నుంచి గడులు ఖాళీగా ఉన్నాయి. గురువారం, మద్యం మానినవారి మా బృంద సమావేశం. ఏడాది నిండినప్పుడు వారిచ్చిన పతకం బిళ్ల ఇంకా చొక్కా జేబులోనే ఉంది. ఇప్పుడు 413 నుంచి కొనసాగించాలా, 1 వేయాలా? ఒక్క రాత్రికి అన్ని రోజులూ కొట్టుకుపోతాయా?

పాతకాపు (కృష్ణలంక)
తమ్ముడూ, ఒకటి వేయాలి. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు. నేను మాని 11 ఏళ్లయింది కనుక అధికారంతోనే చెబుతున్నాను. తాగుడు మానేవారు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ పుట్టినరోజుగా 1935 జూన్ 10ని ఎందుకు జరుపుకొంటారో మీకు తెలుసా? సహస్థాపకుడు డాక్టర్ బాబ్ అంతకు ముందే మానివేసి, వైద్యుల మహాసభకని అట్లాంటిక్ సిటీకి వెళ్లి అక్కడ మళ్లీ తాగి, తిరిగి వచ్చాక చివరి గుక్క తాగిన రోజు అది. మానిన మొదటి రోజును వారు లెక్కలోకి తీసుకోలేదు. ఒక సంస్థ మొత్తం, జారిపడిన మనిషి వేసుకున్న ఒకటో అంకె మీద నిలబడి ఉంది. అంతకంటే పెద్దవాళ్లమా మనం?

వన్‌టౌన్_రాజు
అధైర్యపడకండి. అడిగారంటేనే సగం గెలిచినట్లు.

లెక్కల_మాస్టారు (బ్రాడీపేట)
ముందు 412 అన్న సంఖ్యే సరైనదో కాదో తేల్చుకోవాలి. మాల వేసుకున్న రోజును కలుపుకున్నారా, మరుసటి రోజు నుంచి లెక్కించారా? అలాగే తొంభై అంటే క్వార్టర్ సీసాలో సరిగ్గా సగం. మేడ మీద చీకట్లో ఎవరు కొలిచి పోశారు?

మందుల_కొట్టు (గవర్నర్‌పేట)
పాతకాపు గారి చరిత్ర సరైనదే కానీ, దాని నుంచి తీసిన తీర్పుతో నేను ఏకీభవించను. ఒకసారి కాలు జారడం వేరు, పాత బతుకులోకి పూర్తిగా దొర్లిపోవడం వేరు అని అలన్ మార్లాట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980లలోనే వివరంగా రాశారు. ఒక గ్లాసు తాగినవాడు "ఎలాగూ వ్రతం చెడింది కదా" అనుకుని సీసా మొత్తం ఖాళీ చేయడానికి కారణం, ఆ గ్లాసులోని మద్యం కంటే, అంతా పోయిందన్న నిరాశే అని ఆయన వాదన. లెక్క సున్నాకు పడిపోయిందన్న మాట ఆ నిరాశకు ఎరువు వేస్తుంది. పైగా 412 రోజుల్లో కుదుటపడిన నిద్రా, ఆకలీ, కాలేయమూ ఒక రాత్రికి మొదటికి రావు. గుమాస్తా గారూ, ఒక్క మాట అడుగుతాను: ఆదివారం తరువాత తాగారా? వరుసగా కొన్నాళ్లు ఎక్కువగా తాగి ఉంటే మాత్రం ఒంటరిగా ఒక్కసారిగా ఆపవద్దు. చేతుల వణుకు మొదటి రోజే మొదలవుతుంది, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ దాకా వెళ్లవచ్చు. అప్పుడు అంకె కాదు, ఆసుపత్రి కావాలి.

యార్డు_గుమాస్తా
లేదండి. ఆదివారం ఒక్కటే. మాస్టారు గారూ, మాల వేసుకున్న రోజును కలుపుకునే లెక్కించాను.

పాతకాపు
కాలేయం లెక్క ఆసుపత్రి వారు చూసుకుంటారు. నేను మాట్లాడుతున్నది నిజాయతీ గురించి. జారడం, దొర్లడం అని రెండు పేర్లు పెట్టుకుంటే తాగుబోతు ప్రతిసారీ చిన్న పేరునే ఎంచుకుంటాడు.

బెజవాడ_ఇల్లాలు
ఇక్కడ మాట్లాడేవారంతా తాగి మానినవారో, మందులు అమ్మేవారో. నేను ఆ రెండూ కాను, తాగేవాడి భార్యను. మా ఇంట్లో ఒకటో రోజు పదిహేడు సార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ తలస్నానం, కొండ మీద అమ్మవారి దర్శనం, "ఇవాళ్టి నుంచి కొత్త మనిషిని" అన్న మాట. మీరు సున్నాను శిక్ష అంటున్నారు, మా ఆయనకు అది క్షమాపణ పత్రం. పలక తుడిచేస్తే దాని మీద రాసిన అప్పు కూడా పోయిందని ఆయన నమ్మకం. నా నల్లపూసల గొలుసు తాకట్టులోనే ఉంది, దాని వడ్డీ ఏనాడూ సున్నా నుంచి మొదలు కాలేదు. పదో సారికో పదకొండో సారికో మా అత్తగారు ఎవరి మాటో విని ఒక మందు బిళ్ల తెచ్చి, ఆయనకు చెప్పకుండా పప్పుచారులో కలిపారు. ఆయన దాని మీద తాగి, ముఖం కందగడ్డలా ఎర్రబడి, వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. బయటికి వచ్చాక ఆ వంకతో మూడు నెలలు తాగారు.

మందుల_కొట్టు
అది డైసల్ఫిరామ్ అయి ఉంటుంది, మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే మందు. రోగికి తెలియకుండా దాన్ని ఇవ్వడం ప్రాణాపాయం, ఇది చదివేవారెవరూ ఆ పని చేయవద్దు. కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ వంటి మందులు ఉన్నాయి, వాటినీ వైద్యుడే రాయాలి. 14416 టెలీ మానస్‌కు (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను) గానీ, 14446కు (మత్తు విముక్తి సహాయ లైను) గానీ ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

వన్‌టౌన్_రాజు
మా గురుస్వామి అయితే, దీక్షలో తప్పు జరిగితే మాల తీసి మళ్లీ మొదటి నుంచే వేసుకోవాలంటారు.

బెజవాడ_ఇల్లాలు
దీక్షకు 41 రోజులని ముగింపు ఉంది. మాల తీసిన సాయంత్రమే దుకాణం ముందు వరుసలో నిలబడేవారిని మా వీధి చివర ఏటా చూస్తూనే ఉన్నాను.

పాతకాపు
అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఈ లెక్క తాగినవాడిది, వాడికీ వాడి మనస్సాక్షికీ మధ్య ఉండేది. తాగని మీకు అందులోని బరువు తెలియదు.

బెజవాడ_ఇల్లాలు
తెలియదా? రాత్రి పదిన్నరకు స్కూటర్ స్టాండు మొదటి తాపుకే పడిందా, రెండో తాపుకు పడిందా అని చీకట్లో పడుకుని వినడం నాకు పద్నాలుగేళ్లుగా అలవాటు. రెండో తాపు అంటే తాగారు. మూడో తాపు అంటే నేను లేచి పిల్లల గది తలుపు వేయాలి. క్యాలెండర్‌లో ఎర్ర సిరా లేకపోయినా నేనూ లెక్కిస్తూనే ఉన్నాను, పాతకాపు గారూ. మీ 11 ఏళ్లను మీ ఇంట్లో ఎవరు ఎలా లెక్కించారో ఎప్పుడైనా అడిగారా?

పాతకాపు
హద్దు మీరుతున్నారు.

అయినా అడిగారు కనుక చెబుతాను. నాకు ఇప్పటికి 16 ఏళ్లు నిండి ఉండాలి. మూడో ఏట ఒక రాత్రి తాగి, బృందానికీ ఇంట్లోనూ చెప్పకుండా అంకెలు కొనసాగించాను. ఆ దొంగ అంకెలు 200 దాటేసరికి రోజూ తాగుతున్నాను, సమావేశాలకు వెళ్లి చప్పట్లు కూడా కొట్టించుకుంటున్నాను. ఒకటి వేయాలని మొండికేయడం అందుకే. నా భార్యకు మొదటి రాత్రే తెలుసునట. నాలుగేళ్ల తరువాత చెప్పింది.

లెక్కల_మాస్టారు
16 లోంచి 11 తీసివేస్తే మిగిలిన 5లో రెండేళ్లకు పైగా మానినవే కదా. వాటిని ఎక్కడ చూపిస్తారు?

బెజవాడ_ఇల్లాలు
మాస్టారు గారూ, కాసేపు ఆగండి. గుమాస్తా గారూ, మీ క్యాలెండర్ ఏ గదిలో ఉంది?

యార్డు_గుమాస్తా
వంటగదిలో, గ్యాస్ పొయ్యి పక్కన.

బెజవాడ_ఇల్లాలు
అయితే మీ ఆవిడ మూడు రోజులుగా ఆ ఖాళీ గడుల ముందే నిలబడి కాఫీ కలుపుతున్నది. ఏమీ అడగలేదా?

యార్డు_గుమాస్తా
సోమవారం అడిగింది. పెన్నులో సిరా అయిపోయిందని చెప్పాను.

పాతకాపు
తమ్ముడూ, గురువారం బృందంలో నిలబడి చెప్పండి, ఇంట్లో చెప్పే ధైర్యం అక్కడ దొరుకుతుంది. నేను పక్కనే కూర్చుంటాను.

బెజవాడ_ఇల్లాలు
ముందు బయటివారికీ, తరువాత ఆమెకా? ఇదే నాకు మింగుడుపడనిది. మీ అంకె 413 కానివ్వండి, 1 కానివ్వండి, దాన్ని ఆమె చివరన వినకూడదు.

మందుల_కొట్టు
ఈ విషయంలో నేను ఇల్లాలు గారి పక్షమే. అంకె గురించి మాత్రం నా మాట మార్చుకోను.

యార్డు_గుమాస్తా (మరునాడు)
రాత్రి భోజనాలయ్యాక చెప్పాను. ఎవరు పోశారని మాత్రం అడిగింది. చెప్పాను. తమ్ముడితో తాను మాట్లాడతానన్నది. క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, 412 అన్న అంకె తన లెక్కకు ఎన్నడూ సరిపోలేదన్నది. ఆమె లెక్క 371 అట. మాలలో ఉన్న 41 రోజులూ అమ్మవారి ఖాతాలో వేసిందట, నా ఖాతాలో కాదు. ఆదివారాన్ని ఏం చేయాలని అడిగితే, పొద్దున చూద్దాం పడుకోమన్నది. పొద్దున ఆమె ఆ మాట ఎత్తలేదు, నేనూ గడిలో ఏమీ వేయలేదు.

లెక్కల_మాస్టారు
371 సరిపోయింది. తీసివేత తప్పలేదు.

పాతకాపు
గురువారం సాయంత్రం ఏడింటికి. బిళ్ల తీసుకుని రండి.