జాలీబాయ్‌లో పగడపు దిబ్బలు చూడాలంటే ఈత రావాలా?

ఉప్పల్ వాసి: సంక్రాంతి సెలవులకి హైదరాబాద్ నుంచి అండమాన్ వెళ్తున్నాం. అమ్మకి అరవై దాటాయి, బాబు నాలుగో తరగతి, మాలో ఎవరికీ ఈత రాదు. వండూర్ నుంచి పడవలో జాలీబాయ్ దీవికి వెళ్లాలనుంది, కానీ అక్కడ పగడాలన్నీ చచ్చిపోయాయని ఎవరో అన్నారు. వెళ్లడం దండగా?

సముద్రం పిచ్చి: తప్పకుండా వెళ్లండి. అడుగున గాజు పలకలున్న పడవలో కూర్చునే చూడొచ్చు, అమ్మగారికి అదే సుఖం. అది 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లోని దీవి, కాబట్టి ఫారెస్ట్ వాళ్ల పర్మిట్ ముందే తీసుకోండి. ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు అస్సలు పెట్టుకోకండి, రేవులోనే బ్యాగులు చూస్తారు.

ఇక చచ్చిపోవడం సంగతి. పగడమంటే చిన్న చిన్న జీవుల గుంపు, వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచే వాటికి తిండీ రంగూ ఇస్తుంది, నీళ్లు మరీ వేడెక్కితే ఆ నాచు పోయి తెల్లగా పాలిపోతాయి. 2010లో అండమాన్‌లో అలా చాలా దెబ్బతిన్నాయి. కానీ గోధుమ రంగులో ఉన్నవి చూసి చచ్చాయనుకోకండి, బతికున్న పగడాల్లో ఎక్కువ భాగం ఆ రంగే! పైగా లోతుకి వెళ్లేకొద్దీ ముందు ఎరుపు కనిపించకుండా పోతుంది, అందుకే ఫొటోల్లో ఉన్నంత రంగులుండవు.

మలక్‌పేట టీచర్: బాబుకి చిలుక చేపల్ని చూపించండి. ముక్కులాంటి పళ్లతో పగడపు రాయిని గీకి నాచు తింటాయి, నీళ్లలో తల పెడితే ఆ కరకర వినిపిస్తుంది కూడా. మింగిన రాయి పొడై బయటికొస్తుంది, ఆ తెల్లటి ఇసకలో కొంత అలా వచ్చిందే. లోతు తక్కువే కదా అని పగడాల మీద మాత్రం నిలబడనివ్వకండి, ఒక్కసారి తొక్కితే విరిగే కొమ్మ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

ఉప్పల్ వాసి: చాలా థ్యాంక్స్ అండీ. అమ్మ కుజదోషానికి పగడం ఉంగరం పెట్టుకుంటుంది, అక్కడ ఒడ్డున దొరికే ముక్క ఒకటి తెచ్చుకుందామంటోంది.

సముద్రం పిచ్చి: వద్దని గట్టిగా చెప్పండి. ఉంగరాల్లో పెట్టే మంచి ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలోది, ఆ జాతే వేరు. అండమాన్‌లో దిబ్బలు కట్టే పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఎండిపోయిన ముక్క తెచ్చినా నేరమే, ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగు స్కాన్ చేసినప్పుడు పట్టుకుంటారు. సోమవారాలు పార్క్ మూసేస్తారు, టికెట్లు అది చూసుకుని బుక్ చేయండి.