అప్‌డేట్: 'ఓకే' పుట్టుక గురించి నేను అడిగిన ప్రశ్న

'ఓకే' అమెరికా ఆదివాసుల చోక్టా భాష నుంచి వచ్చిందా అని అడిగాను. మీరు సూచించిన భాషా పరిశోధకుడు ఆలెన్ వాకర్ రీడ్ పరిశోధన ప్రకారం కాదు. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో ఇది 'ఆల్ కరెక్ట్' అన్న వివరణతో సహా అచ్చయింది. ఆ మాటను కావాలనే 'ఓల్ కొరెక్ట్' (oll korrect) అని తప్పుగా రాసి, మొదటి అక్షరాలను మాత్రమే వాడడం అప్పటి పత్రికలవాళ్ల వేళాకోళం. 'ఆల్ రైట్'ను కూడా ఇలాగే తప్పుగా (oll wright) తీసుకుని 'ఓ.డబ్ల్యు.' అని రాసేవారట. అది ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. 'ఓకే' మాత్రం నిలిచిపోవడానికి 1840 అమెరికా అధ్యక్ష ఎన్నికలు బాగా తోడ్పడ్డాయి: న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్‌లో పుట్టిన అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను 'ఓల్డ్ కిండర్‌హుక్' అని పిలుచుకుంటూ ఆయన మద్దతుదారులు ఓకే క్లబ్బు పెట్టారు. అంతకుముందు అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్‌ రాతలో అక్షరదోషాలు ఎక్కువ కాబట్టి ఈ మాట ఆయన చలవేనన్న కథను వాన్ బ్యూరెన్ ప్రత్యర్థులు అప్పుడే అల్లారు.