డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములో ఉండే సన్న పురుగు) ఎలర్జీ ఉన్న కుక్కకి ఇల్లు శుభ్రం చేస్తే చాలా? మందులు మానేయొచ్చా?

విశాఖ ల్యాబ్:
మా ల్యాబ్రడార్ కుక్కకి నాలుగేళ్లు. రెండో ఏడు దాటినప్పటి నుంచీ పాదాలు నాకడమే నాకడం, తెల్ల బొచ్చంతా తుప్పు రంగు, చెవులు వాసన, పొట్ట కింద ఎర్రగా. తిండి పడట్లేదేమోనని ఎనిమిది వారాలు కొత్త తిండి ఒక్కటే పెట్టి చూశాం, తగ్గలా. చివరికి డస్ట్ మైట్ అని తేలింది, దురద తగ్గించే అపోక్వెల్ బిళ్ళలు మొదలెట్టాం. ఇప్పుడు చుట్టాలూ పక్కింటోళ్లూ అందరూ ఇల్లు నీట్‌గా ఉంచితే ఆ బిళ్ళలెందుకండీ అంటున్నారు. నేను ఒప్పుకోను. ఈ పురుగు నీళ్లు తాగదు, గాల్లో తేమనే ఒంట్లోకి లాక్కుని బతుకుతుంది, తేమ 50 శాతం కిందకి పడి అలాగే ఉంటే ఎండిపోయి చస్తుంది. సముద్రం పక్కన మా ఇంట్లో అది జరిగే పనేనా? అందుకే శుభ్రం కావాలి, మందూ కావాలి.

గోదారి గట్టు:
అంత ఖర్చెందుకండీ, మైట్స్‌కి ఐవర్‌మెక్టిన్ సూది ఉందిగా. మా వీధి కుక్కకి గజ్జి రెండు సూదులకే పోయింది.

విశాఖ ల్యాబ్:
అది వేరే పురుగు అండి. గజ్జి పురుగు కుక్క చర్మంలోనే కాపురం పెడుతుంది, డస్ట్ మైట్ అసలు కుక్క మీద బతకదు, కుట్టదు కూడా. పరుపులో మన చర్మం పొట్టు తిని బతుకుతుంది, దాని మలం, ఒంటి ముక్కలు దుమ్ములో కలిసి కుక్కకి పడవు. సూదేస్తే చావడానికి అక్కడ పురుగే లేదు. పైగా కోలీ లాంటి జాతులకి ఆ మందు ప్రాణం మీదకి తెస్తుంది, దయచేసి ఎవరూ సొంతంగా వేయకండి.

సికింద్రాబాద్ పగ్:
అన్నా, నేను ఆరు నెలలు చేసిన. రోజుకు రెండుసార్లు తుడుపు, కర్టెన్లు తీసేసినం, మా పగ్‌ను మంచం మీదకి రానియ్యలే. రాత్రంతా తలుపు దగ్గర ఏడ్చేది, నాకు నిద్ర పట్టకపోయేది. దురద మాత్రం అట్లనే ఉంది. అంత చేసినా తగ్గకుంటే మనదే తప్పు అన్నట్టు మాట్లాడుతరు, అది బాధనిపిస్తది. టెస్టులో మైట్ అని వచ్చినంత మాత్రాన కారణం అదే అని కూడా లేదు, ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు కూడా పాజిటివ్ వస్తదని మా డాక్టర్ చెప్పిండు.

విశాఖ ల్యాబ్:
టెస్టు సంగతి నిజమే అక్కా, దురదకి కారణం తిండీ, ఫ్లీస్ (కుక్క ఒంటి మీద గెంతుతూ రక్తం తాగే పురుగులు) కాదని తేల్చుకున్నాకే దాన్ని చూడాలి. మీ తప్పేం లేదు. కానీ శ్రమంతా గచ్చు మీద పోయిందేమో అనిపిస్తోంది, ఉత్త టైల్స్ మీద ఆ పురుగుకి ఉండటానికేం ఉంటుంది, ఉండేది పరుపు, సోఫా, అది పడుకునే గుడ్డల్లో. మేం దూది పడక తీసేసి పల్చటి దుప్పట్లు వేశాం, వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతుకుతాం, చల్లనీళ్లకి దుమ్ము పోతుంది గానీ పురుగు చాలావరకు బతికే ఉంటుంది. ఎండాకాలం మా అమ్మ పరుపులు డాబా మీద వేసి తిరగేసేది, అది ఊరికే చేసిన పని కాదు. పొడి చీపురుతో ఊడ్చేటప్పుడు కుక్కని వేరే గదిలో ఉంచండి. ఇంకోటి, డ్రై ఫుడ్ బస్తా విప్పి నెలల తరబడి వంటింట్లో పెడితే అందులో వేరే రకం మైట్స్ చేరతాయి, డస్ట్ మైట్ పడని కుక్కల్లో చాలావాటికి అవీ పడవు. చిన్న ప్యాకెట్ కొని గట్టి మూత డబ్బాలో పెట్టండి.

సికింద్రాబాద్ పగ్:
బస్తా సంగతి నాకు తెల్వదు, మాది 10 కిలోలది, మూడు నెలలొస్తది. మారుస్తా. కానీ మంచం మీదకి మాత్రం రానిస్తా అన్నా, దానికి పడుకునే సుఖం కూడా లేకుంటే ఎట్ల. పరుపుకు జిప్ కవర్ వేసి, పైన దుప్పటి వారం వారం ఉడుకు నీళ్లల్ల ఉతుకుత.

విశాఖ ల్యాబ్:
అది మంచి ఆలోచనే, దీనికి నేను అడ్డు చెప్పను. బిళ్ళ మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆపకండి. మేం ఎలర్జీ సూదులు (పడని దాన్నే కొద్దికొద్దిగా ఎక్కించి ఒంటికి అలవాటు చేసేవి) కూడా మొదలెట్టాం, మూడో నెల నడుస్తోంది, ఫలితం తెలియడానికి ఏడాది పట్టొచ్చన్నారు, అందరికీ పనిచేయదని కూడా ముందే చెప్పారు. నిన్న రాత్రి మాత్రం పాదం నాక్కోకుండా నాలుగు గంటలు పడుకున్నాడు.