సర్వర్లకి డబ్బు కట్టే లినక్సా, ఫ్రీదా?

ప్రశ్న:
మా ఆఫీసు సర్వర్లు ఇంకా సెంటాస్ 7 (ఫ్రీ లినక్స్) మీదే నడుస్తున్నాయి, 2024 జూన్ 30తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి మార్చక తప్పదు. మేనేజర్ గారేమో డబ్బు కట్టే రెడ్ హ్యాట్ లినక్స్ సబ్‌స్క్రిప్షన్ తీసుకుందాం అంటున్నారు, నాకేమో ఆల్మా గానీ రాకీ గానీ (రెండూ రెడ్ హ్యాట్ లాంటి ఫ్రీ లినక్స్‌లే) చాలనిపిస్తోంది. డబ్బు కడితే అదనంగా ఏమొస్తుంది అసలు?

జవాబు 1:
వాటి మీద ఏం నడుస్తోంది బ్రో? ఒరాకిల్ డేటాబేస్, శాప్ (కంపెనీ వ్యవహారాలు నడిపే సాఫ్ట్‌వేర్) లాంటివైతే ఇంక ఆలోచించక్కర్లేదు, కొనేయండి, ఆ కంపెనీలు సర్టిఫై చేసిన ఓఎస్ కాకపోతే రేపు సమస్య వచ్చినప్పుడు ముందు ఓఎస్ మార్చుకుని రమ్మంటారు. మామూలు వెబ్ సర్వర్లకి ఫ్రీవి చాలు.

జవాబు 2:
లైసెన్స్ ఖర్చు మిగిలినా మనిషి ఖర్చు ఉంటుందండీ, ప్యాచ్‌లు టెస్ట్ చేసి ఎక్కించేది, అర్ధరాత్రి కెర్నల్ పానిక్ (సిస్టం మొత్తం ఆగిపోవడం) అయితే లేచి చూసేది మీరే. టీంలో తెలిసినవాడు ఒక్కడే ఉంటే వాడు మానేసిన రోజు ఉంటుంది అసలు తమాషా. ఇంకోటి, సెంటాస్ 8కి 2029 దాకా సపోర్ట్ అని చెప్పి 2021 చివర్లోనే ఆపేశారు, ఫ్రీ వాటితో ఈ రిస్క్ ఎప్పుడూ ఉంటుంది.

జవాబు 3:
ఉబుంటు ఎల్‌టీఎస్ (ఉబుంటు లినక్స్‌లో ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్) కూడా చూడండి, 5 ఏళ్లు అప్‌డేట్లు ఫ్రీ, సపోర్ట్ కావాలనిపిస్తే అదే సర్వర్‌కి ప్రో (వాళ్ల పెయిడ్ ప్లాన్) కొనుక్కోవచ్చు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని లేదు. ఆల్మాకే వెళ్తే ఉన్న సర్వర్‌నే అప్‌గ్రేడ్ చేసే వాళ్ల ఎలివేట్ టూల్ ఉంది, కానీ 7 నుంచి 8, అక్కణ్ణుంచి 9, అలా మెట్టు మెట్టుగానే వెళ్లాలి. బ్యాకప్ లేకుండా మాత్రం ముట్టుకోకండి బాబోయ్.

ప్రశ్న అడిగినవాడు:
ఒరాకిల్ ఒకదాంట్లో ఉందండీ. దానికి మాత్రం కొనమని చెప్తా, మిగతావి ఆల్మా.