1991 మాజ్డా మియాటా కారు: స్టార్టయి వెంటనే ఆగిపోతోంది

డాలస్‌లో ఉంటాను. 1.6 ఇంజిన్. తాళం తిప్పితే అందుకుంటుంది, చెయ్యి వదలగానే చస్తుంది. వెనక ఫ్యూయల్ పంపు (ఇంజిన్‌కి పెట్రోలు అందించేది) మోత కూడా అప్పుడే ఆగుతోంది. పంపు మార్చేయనా?

— అప్పుడే మార్చకండి అన్నా. పెట్రోలు వాసన లేదని చూసుకుని, బానెట్ కింద డయాగ్నసిస్ డబ్బాలో ఎఫ్‌పీ (ఫ్యూయల్ పంపు), జీఎన్‌డీ (ఎర్త్) అని రాసున్న రెండు పిన్నులూ చిన్న వైరుతో కలిపి తాళం ఆన్ చేయండి. పంపు మోగిందా, అది బాగున్నట్టే. మోగకపోతే రిలే (పంపుకి కరెంటు వదిలే స్విచ్చు), పంపు దగ్గర 12 వోల్టులు, ఎర్త్ చూడాలి.

— స్టార్టర్ తిరిగేటప్పుడు రిలేకి వేరే దారిలో కరెంటొస్తుంది. ఆ తర్వాత ఎయిర్‌ఫ్లో మీటర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది) లోపలి స్విచ్చే దాన్ని పట్టి ఉంచాలి. నా అనుమానమంతా దాని మీదే. తాళం ఆన్‌లో ఉంచి ఆ మీటర్‌లో గాలికి కదిలే రేకును వేలితో నెట్టి చూడండి, పంపు మోగాలి.

— వైరు పెడితే మోగింది! రేకు నెడితే చప్పుడు లేదు. మీటర్ మూత విప్పాను, స్విచ్చు కాంటాక్టు నల్లగా మాడి ఉంది. క్లీనర్‌తో తుడిచాక ఇరవై నిమిషాలుగా ఆగకుండా నడుస్తోంది. మీ ఇద్దరికీ ఎంతో రుణపడ్డాను.