చర్చ: రైతు బజారులో పక్క రైతు సరుకు అమ్మనివ్వాలా, వద్దా?

ఆనపపాదు:
నాకున్నది 70 సెంట్లు. బెండ, బీర వేస్తాను, గట్టు మీద ఆనప పాకిస్తాను. రైతు బజారు కార్డు నా పేరునే ఉంది. సొంత చేలో పండిందే అమ్మాలి, అదీ నేనో మా ఇంట్లోవాళ్లో కూర్చుని అమ్మాలి. 1999 జనవరి 26న ఈ బజార్లు పెట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతే ఇది. దళారిని బయట ఉంచడానికే పెట్టారు, మంచిదే. అయినా కొంచెం సడలించాలని అర్జీ రాస్తున్నాను.

బెండ రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఒక్క పూట ఆలస్యమైతే కొన విరవబోతే విరగదు, వంగుతుంది. అలాంటి కాయ ఎవరూ కొనరు. మొన్న రాత్రి రెండున్నరకి లేచి, నెత్తికి టార్చి కట్టుకుని నేనూ మా ఆవిడా కోశాం. నూగుకి మోచేతుల దాకా ఒకటే దురద. 28 కిలోలు వచ్చింది. ఆ రోజు బోర్డు మీద ధర 26. పదకొండయ్యేసరికి 22 కిలోలు పోయింది. ఎండకి వాడిపోతుంటే మిగతా ఆరూ 15 చొప్పున ఇచ్చేశాను. మొత్తం 662. ఆటోలో నా వాటా 100 పోను మిగిలింది ఇద్దరి కూలి, పంట ఖర్చు అన్నిటికీ కలిపి 562. చేలో కలుపు అలాగే ఉండిపోయింది.

మా వీధిలో ఇలాంటివాళ్లం ఐదుగురం. ఒకే ఆటోలో వెళ్తాం, పక్కపక్కనే కూర్చుంటాం. జట్టుగా పేర్లు రాసుకుని రోజుకొకరం వెళ్తే మిగతా నలుగురికీ పొలం పని సాగుతుంది కదా? ఏ గంప ఎవరిదో చీటీ పెడతాం.

కూరల సంచి:
వద్దండీ. మీ కష్టం తెలుసు, కానీ కొనేదాన్ని కాబట్టి చెప్తున్నాను. ఇప్పటికే ఒక్కో కార్డు వెనక క్యారెట్, క్యాప్సికం, అల్లం, టమాటా అన్నీ కనిపిస్తున్నాయి. మే నెలలో మన మైదాన ప్రాంతంలో క్యారెట్ ఏ చేలో పండుతోంది? ఉల్లి, బంగాళాదుంప ఇక్కడ దొరకవని డ్వాక్రా సంఘాలకి వేరే స్టాళ్లిచ్చారు, అది వేరే సంగతి. టోకు ధర కంటే రైతుకి నాలుగు రూపాయలు ఎక్కువ, బయటి చిల్లర ధర కంటే మాకు తక్కువ అన్నది మధ్యలో మనిషి లేకపోతేనే కుదురుతుంది. ఈ రోజు ఐదుగురికి ఒకడంటే, రేపు యాభై మందికి ఒకడు వస్తాడు. వాడి పేరే కదా దళారి.

కౌలు చేను:
జట్టు మాట తర్వాత, నాకసలు కార్డే లేదు. ఎకరం కౌలుకి చేస్తున్నాను, పాసుపుస్తకం యజమానిది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం 11 నెలల సాగుదారు హక్కు పత్రం ఇస్తామన్నారు. దానికి యజమాని సంతకం కావాలి. భూమి ఎక్కడ చేజారిపోతుందో అని ఆయన పెట్టడు. అడిగితే కౌలే మానిపిస్తాడేమోనని నాకు టెన్షన్. అందుకే గట్టు మీదే అమ్మేసుకుంటున్నాను. కొన్నవాడు తన బంధువు కార్డు పెట్టి అదే సరుకు బజారులో అమ్ముతున్నాడు. పండించిన నేను దొంగలా బయట, వాడు రైతులా లోపల.

పాత బజారు ఉద్యోగి:
అమ్మా, మీరన్న క్యారెట్ సంగతి నిజమే. లోపం ఎక్కడుందో చెప్తాను. కార్డు ఇచ్చేముందు పొలం చూస్తారు. ఆ తర్వాత పంట మారుతుంది, కార్డు మారదు. సీజన్‌కోసారి చేలోకి వెళ్లి ఏం వేశారో, ఎంత వేశారో రాసుకుంటే, బెండ, బీర అని రాసిన 70 సెంట్ల కార్డు మీద మూడు క్వింటాళ్ల టమాటా వచ్చిన రోజే పట్టుకోవచ్చు. జట్టుకి అనుమతిచ్చినా అప్పుడు భయం లేదు. తనిఖీ లేకుండా ఇస్తే మాత్రం మీరు చెప్పినట్టే అవుతుంది.

ఇంకో మాట. కాయలు అమ్ముడుపోక 15కి ఇచ్చేయడం మానండి. రైతు తన చేలో పండించినదాన్ని ఉన్నది ఉన్నట్టు అమ్మితే 2006 ఆహార భద్రతా చట్టం వర్తించదు. మిగిలిన బెండ వరుగులు చేసో, మిరప మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టో ప్యాకెట్ కట్టి అమ్మితే వర్తిస్తుంది. దానికీ భయపడక్కర్లేదు. చిన్న వ్యాపారానికి రిజిస్ట్రేషన్ చాలు, దాని ఫీజూ తక్కువే. ఎండబెట్టే యంత్రం బ్యాంకు రుణంతో కొంటే 2020లో కేంద్రం తెచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకంలో ఖర్చు మీద 35 శాతం రాయితీ ఇచ్చారు, ఇప్పుడూ ఉందేమో బ్యాంకులో అడగండి.   

కూరల సంచి:
పంటల జాబితా స్టాల్ ముందు వేలాడదీస్తే నాకు అభ్యంతరం లేదు. ఏ చేలో ఏముందో చదువుకునే కొంటాను.

ఆనపపాదు:
తప్పకుండా వేలాడదీస్తామమ్మా. జాబితాలో లేని కాయ గంపలో కనిపిస్తే జట్టులో అందరి కార్డులూ రద్దు చేయమని మేమే రాసిస్తాం. అప్పుడు ఒకరి గంప మీద ఇంకొకరికి కన్నుంటుంది.

కౌలు తమ్ముడూ, నువ్వన్నది చదివాక నా అర్జీ మార్చి రాస్తున్నాను. మా ఐదుగురిలో ఇద్దరు కౌలువాళ్లే. ఇన్నాళ్లూ వాళ్ల సరుకు నా గంపలోనే, నా పేరు మీదే పోతోంది. నిబంధన ప్రకారం అదీ తప్పే, దాచను. యజమాని సంతకం లేకపోయినా, చుట్టూ ఉన్న నలుగురు రైతులు సంతకం పెట్టి, అధికారి చేలో నిలబడి పంట చూస్తే కార్డివ్వాలని మొదటి పేరాలోనే పెట్టాను. సోమవారం బజారు చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్‌కి ఇస్తున్నాం. మంగళవారం మళ్లీ బెండ కోతే.